సిమెంటులో పోసే మందుకు పేరు, కొలత ఉండాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కిందటి వారం మీ పాఠకుల లేఖల్లో అల్లూరు వైపు నుంచి ఒక పెద్దాయన రాసింది చదివాను. కాంక్రీటులో కెమికల్స్ పోయడం మొదలయ్యాకే ఇళ్లు పాడైపోతున్నాయనీ, వాటి అమ్మకాన్నే ఆపేయాలనీ ఆయన రాశారు. స్లాబు నెర్రెలిచ్చి, వానాకాలమంతా గిన్నెలు పెట్టుకుని గడిపిన మనిషి బాధ అందులో ఉంది. ఆ బాధ నాకు అర్థమైంది. ఆయన చెప్పిన పరిష్కారంతో మాత్రం ఏకీభవించలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను డిప్లొమా సివిల్ చదివాను. పన్నెండేళ్లుగా నెల్లూరు దగ్గర, కాంక్రీటు కలిపి లారీల్లో పంపే ఒక రెడీమిక్స్ ప్లాంటు ల్యాబులో పని చేస్తున్నాను. మా నాయన బేల్దారి మేస్త్రీ. ఇంట్లో సిమెంటు వాసన, ల్యాబులో సిమెంటు వాసన, నాకు తెలిసిన లోకమంతా ఇదే. అందుకే చూసింది చూసినట్టు చెప్తాను.

నిరుడు మే నెలాఖరున, రోహిణి కార్తెలో, కోవూరు మండలంలో మా చిన్నమామ ఇంటికి స్లాబు వేశారు. తొమ్మిది వందల చదరపు అడుగులు, అయిదంగుళాల మందం. ఆ రోజు మా ప్లాంటులో పెద్ద ఆర్డరు ఉండి నేను వెళ్లలేకపోయాను. ఉదయం ఏడింటికి మిల్లరు, అంటే కాంక్రీటు కలిపే యంత్రం, తిప్పారు. పది దాటేసరికి పడమటి గాలి మొదలైంది. మన దగ్గర రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో తట్టలో మోసుకెళ్లిన మాలు పైకి చేరేలోపే బిర్రుగా అయిపోతోందట. మేస్త్రీ దగ్గర ఒక ఇరవై లీటర్ల క్యాను ఉంది. పైన కాగితం లేదు, పేరు లేదు. కొట్టువాళ్లు 'ఎండాకాలం మందు' అని ఇచ్చారు. మిల్లరు దగ్గరి కుర్రాడు మొదట్నుంచీ బస్తాకు ఒక మూత పోస్తున్నాడు. ఎండ ముదిరాక, నీళ్ల డ్రమ్ము దగ్గరున్న ఇంకో కుర్రాడికి మేస్త్రీ 'డ్రమ్ములో కూడా కొంచెం వెయ్‌రా' అన్నాడు. అతను ఆ 'కొంచెం' చెయ్యి వాటంగా పోశాడు. వీడు పోస్తున్న సంగతి వాడికి తెలియదు, వాడిది వీడికి తెలియదు.

మర్నాడు తెల్లారి ఆరింటికి మామ ఫోను. "అమ్మాయ్, సగం స్లాబు రాయిలా ఉంది, సగం ఇంకా పట్టలా. కాలు పెడితే దిగబడతా ఉంది" అన్నాడు. గొంతు వణుకుతోంది. నేను స్కూటీ తీసుకుని వెళ్లేసరికి ఇంటి ముందు పదిమంది ఉన్నారు. ఒకాయన పైన పొడి సిమెంటు చల్లమంటాడు. ఇంకొకాయన గట్టిపడే మందు తెచ్చి పైన పోయమంటాడు. మూడో ఆయన, ఇప్పుడే ఎత్తి పారబోస్తే మేలు, ఆలస్యమైతే సుత్తెలు కావాలి అంటున్నాడు. అత్త వసారాలో కూర్చుని ఏడుస్తోంది. కూతురి పెళ్లికి దాచిన బంగారం కుదువ పెట్టి వేసిన స్లాబు అది.

నేను మెట్లెక్కి వెళ్లి బొటనవేలితో నొక్కి చూశాను. పైన పలచని పెచ్చు ఆరింది, దాని కింద మెత్తగా ఉంది. ఆ స్థితిలో ఉన్న అసలు ప్రమాదం పట్టకపోవడం కాదు. పైనేమో గాలికి నీళ్లు ఆరిపోతాయి, లోపలేమో ఇంకా పట్టదు, అప్పుడు స్లాబు బీటలు వారుతుంది. రొయ్యల చెరువు గట్లకు వేసే ప్లాస్టిక్ పట్టాలు పక్క వీధిలో దొరికితే తెప్పించాం. వాటిని పరిచి, అంచులకు ఇటుకలు పెట్టాం. నీళ్లు కట్టవద్దన్నాను, పట్టని కాంక్రీటు మీద నీళ్లు నిలిపితే సిమెంటు కొట్టుకుపోతుంది. పట్టాల కింద స్ప్రేయరుతో పొగమంచులా మాత్రం తడిపాం. కింద సరుగుడు కర్ర ఒక్కటి కూడా కదిలించవద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పాను. ఆ రాత్రి పది దాటాక, అంటే పోసిన ముప్పై ఆరు గంటలకు అటూ ఇటుగా, ఆ సగం కూడా పట్టింది. అత్త రెండు రాత్రులు కన్ను మూయలేదు.

ఇరవై ఎనిమిది రోజుల తర్వాత మా ల్యాబు నుంచి కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్ అడిగి తీసుకెళ్లి రెండు వైపులా చూశాను. రీడింగుల్లో పెద్ద తేడా లేదు. హాలు మూలన రెండు సన్న బీటలు మిగిలాయి, అంతే. ఆ రోజు పారబోసి ఉంటే ఎనభై బస్తాల సిమెంటు, ఇసుక, కంకర, కూలి అన్నీ మట్టిపాలయ్యేవి. ఆలస్యంగా పట్టిన కాంక్రీటుకు తడి ఆరకుండా, కింద ఊతం కదలకుండా చూసుకుంటే చాలావరకు బలం వచ్చేస్తుంది. ఈ ఒక్క సంగతి ఆ పదిమందిలో ఒక్కరికైనా తెలిసి ఉండాల్సింది.

ఆ క్యానులో మిగిలిన మందును సీసాలో పోసుకుని ల్యాబుకు తెచ్చాను. ముదురు గోధుమ రంగు, కాగితం మిల్లు వాసన. లిగ్నోసల్ఫొనేట్ అని నా అనుమానం. కాగితం కోసం కర్ర నుంచి గుజ్జు తీసేటప్పుడు మిగిలే పదార్థం అది. మామ వాడిన సిమెంటే తెచ్చి వికాట్ సూదితో చూశాను. మన ప్రమాణాల ప్రకారం ఈ పరీక్ష 27 డిగ్రీల దగ్గర చేయాలి. ఒక మిల్లీమీటరు మందం ఉన్న సూదిని సిమెంటు ముద్దలోకి వదులుతాం. అడుగుకు అయిదు మిల్లీమీటర్ల దూరంలో అది ఆగిపోతే సిమెంటు పట్టడం మొదలైందని లెక్క. మందు లేకుండా రెండు గంటల నలభై నిమిషాలకు సూది ఆగింది. బస్తాకు వంద మిల్లీలీటర్ల లెక్కన కలిపితే నాలుగు గంటలు దాటింది. నాలుగు వందల లెక్కన కలిపింది, మర్నాడు ఉదయం నేను ల్యాబు తాళం తీసి చూస్తే, అప్పటికీ సూది అడుగు దాకా దిగింది. అదే మందు, అదే సిమెంటు, అదే నీళ్లు. తేడా అంతా కొలతలోనే.

కాబట్టి పెద్దాయన గారికి నేను చెప్పదలచింది ఇదే. కెమికల్ లేని సిమెంటు బస్తా అసలు లేదు. సిమెంటు క్లింకరును, అంటే కొలిమిలో కాలి వచ్చిన గడ్డలను, పొడి చేసేటప్పుడు ఫ్యాక్టరీలోనే జిప్సం కలుపుతారు, సుమారు మూడు నుంచి అయిదు శాతం. అది కలపకపోతే సిమెంటులోని అల్యూమినేట్ అనే భాగం నీళ్లు తగలగానే భగ్గున స్పందించి, నిమిషాల్లో బిగుసుకుపోతుంది. మేస్త్రీ తాపీ ఎత్తే సమయం కూడా ఉండదు. జిప్సం ఆ కణాల మీద సన్నని పొరలా ఏర్పడి కాసేపు ఆపుతుంది. మనకు మాలు కలుపుకోవడానికి, మోసుకోవడానికి, పరచడానికి దొరికే ఆ రెండు మూడు గంటలు జిప్సం ఇచ్చినవే. సాధారణ సిమెంటు అరగంటలోపు పట్టడం మొదలుపెట్టకూడదు, పది గంటలు దాటకుండా పూర్తిగా పట్టాలి అని సిమెంటుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 269 చెప్తోంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పట్టడం వేరు, గట్టిపడటం వేరు. పట్టడమంటే ముద్ద తన మెత్తదనం పోగొట్టుకోవడం, గంటల్లో జరిగే పని. గట్టిపడటమంటే బలం కూడగట్టుకోవడం, వారాల తరబడి, నెలల తరబడి సాగుతుంది. 28 రోజుల బలమని మనం లెక్క వేసుకుంటాం గానీ, ఆ తర్వాత కూడా తడి ఉన్నంతకాలం సిమెంటు బలపడుతూనే ఉంటుంది. మందుల్లో కొన్ని మొదటి పనిని ముందుకో వెనక్కో జరుపుతాయి, కొన్ని రెండోదాన్ని తొందర పెడతాయి. ఏ డబ్బాలో ఏముందో తెలియకుండా పోస్తే, ఏ పనిని కదిపామో కూడా మనకు తెలియదు.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. మా తాత కాలంలో ఈ జిల్లాలో పాత మిద్దెలన్నీ సున్నంతో కట్టినవే. గానుగలో ఆడించిన సున్నంలో కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసేవాళ్లు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుంటూ ఏళ్ల మీద రాయి అవుతుంది. బెల్లం నీళ్లు ఆ సున్నానికి జిగినిస్తాయి, పని సులువు చేస్తాయి. మా నాయనకు ఆ పని మీద ఎంతో గౌరవం. ఒకసారి మా ఊళ్లో ఒక పాత ఇంటి గోడకు సిమెంటుతో మరమ్మతు చేస్తూ, సున్నంలో మంచిదైతే ఇందులోనూ మంచిదే కదా అని ఆ మాలులో బెల్లం నీళ్లు పోశాడు. రెండు రోజులైనా పూత పట్టలేదు. గోకితే ఊడి వచ్చింది. అప్పటికి నాకు పదకొండేళ్లు. నాయన గోడ ముందు నిలబడి, చేతిలో తాపీతో, ఒక్క మాట మాట్లాడకుండా చాలాసేపు చూశాడు. తర్వాత సొంత డబ్బుతో మళ్లీ పూత వేశాడు.

దానికి కారణం పాలిటెక్నిక్‌లో చేరాక తెలిసింది. సిమెంటు బరువులో 0.05 శాతం చక్కెర ఉంటే చాలు, పట్టడం నాలుగు గంటల దాకా ఆలస్యమవుతుంది. యాభై కిలోల బస్తాకు అది పాతిక గ్రాములు. 0.2 శాతం, అంటే వంద గ్రాములు దాటితే ఇక పట్టదనే అనుకోవాలి. చక్కెర సిమెంటు కణాల మీదకు చేరి, వాటి నుంచి పుట్టాల్సిన గట్టి పదార్థం పెరగకుండా అడ్డుకుంటుంది. రెడీమిక్స్ లారీ దారిలో చెడిపోతే డ్రమ్ములోనే కాంక్రీటు రాయి కాకుండా చక్కెర పోస్తారు, అదీ ఈ గుణం తెలిసే. సెలవు రోజున అది నాయనకు చెప్పాను. "అయితే బెల్లానిది తప్పు కాదమ్మా, నాదే" అన్నాడు. బెల్లం మూటలు మోసిన గోనెల్లో ఇసుక తేవద్దని, పానకం కలిపిన డ్రమ్ములో కాంక్రీటు నీళ్లు పట్టవద్దని ఆ రోజు నుంచి తన కూలీలకు చెప్తూ వచ్చాడు.

ఇప్పుడు రెండో రకం మందు గురించి. నిజానికి నా భయమంతా దీని మీదే. త్వరగా పట్టించే మందులు. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. వాన వస్తుందేమోనని, ముహూర్తం దాటిపోతుందేమోనని, సెంట్రింగ్ సామాను ఇంకో ఇంటికి పోవాలని అందరికీ తొందరే. మైపాడు వైపు మా అక్క అత్తగారి ఇంటికి 2014 నవంబరులో స్లాబు వేశారు. ఒక కాంట్రాక్టరు తెల్లటి పెచ్చులు తెచ్చి నీళ్లలో కలిపి పోయించాడు. రెండు రోజుల్లో కాంక్రీటు గట్టిగా అయింది, సెంట్రింగ్ విప్పేశారు, అందరూ మెచ్చుకున్నారు. 2022లో ఒక మధ్యాహ్నం హాలు పైకప్పు నుంచి తట్టెడు పెచ్చు ఊడి మంచం మీద పడింది. రోజూ ఆ మంచం మీద పాప పడుకునేది, ఆ రోజు మాత్రం పక్కింట్లో ఆడుకుంటోంది. పైకి చూస్తే రాడ్లు తుప్పు పట్టి, పొరలు పొరలుగా ఉబ్బి ఉన్నాయి.

ఆ తెల్లటి పెచ్చులు కాల్షియం క్లోరైడ్ అని ఆ కాంట్రాక్టరే తర్వాత ఒప్పుకున్నాడు. సిమెంటును తొందర పెట్టడంలో దానికి సాటి లేదు, చవక కూడా. కానీ దాంట్లో ఉన్న క్లోరైడ్ ఇనుముకు శత్రువు. మామూలుగా సిమెంటు క్షారగుణం వల్ల రాడ్డు మీద కంటికి కనిపించని రక్షణ పొర ఏర్పడుతుంది. క్లోరైడ్ ఆ పొరను చీల్చేస్తుంది. తుప్పు, ఇనుము ఆక్రమించే చోటుకు రెండింతలకు పైగా ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి ఊడిపడుతుంది. లెక్క వేసి చూడండి. బస్తాకు కిలో అంటే రెండు శాతం. ఘనపు మీటరు కాంక్రీటులో 320 కిలోల సిమెంటు ఉందనుకుంటే, శుద్ధమైన కాల్షియం క్లోరైడ్ 6.4 కిలోలు పడుతుంది. అందులో క్లోరైడ్ ఒక్కటే సుమారు నాలుగు కిలోలు. రాడ్లు ఉండే కాంక్రీటులో మొత్తం మీద ఘనపు మీటరుకు 0.6 కిలోలు మించకూడదని కాంక్రీటు పనులకు మన ప్రమాణమైన ఐఎస్ 456 హద్దు పెట్టింది. ఇది చాలదన్నట్టు, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు బోరునీళ్లతోనే మాలు కలిపేవాళ్లు ఉన్నారు. రాడ్ల కాంక్రీటుకు వాడే నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్ ఉండకూడదు. నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలే నీళ్లను ఇంటి ఎముకల మీద పోయవద్దు, దయచేసి.

క్లోరైడ్ లేకుండా త్వరగా పట్టించే మందులూ ఉన్నాయి. కాల్షియం నైట్రేట్, కాల్షియం ఫార్మేట్ లాంటివి. ధర ఎక్కువ. డబ్బా మీద క్లోరైడ్ లేదని రాసి ఉందా అని ఇంటివాళ్లు అడిగితే కొట్టువాళ్లు తెప్పిస్తారు. అడిగే మనిషి లేకనే ఆ తెల్ల పెచ్చులు ఇంకా అమ్ముడుపోతున్నాయి.

అయితే ఇవన్నీ మానేద్దాం అంటారా? ఇంకో వైపు కూడా చూడాలి. ఏ మందూ పోయని ఇళ్లలో ఏం పోస్తున్నారో నేను ఎన్నో స్లాబుల దగ్గర నిలబడి చూశాను. నీళ్లు పోస్తున్నారు. మాలు బిర్రుగా ఉంది, పార ఆడటం లేదు అనగానే ఇంకో బకెట్. బస్తాకు పాతిక లీటర్లు సరిపోయే చోట ముప్పై రెండు లీటర్లు పోస్తే బలం పావు వంతుకు పైగా పడిపోతుంది. ఆ అదనపు నీళ్లు ఆవిరై పోయాక మిగిలేవి సన్నని రంధ్రాలే. వాటిలోంచే వాననీరు, ఉప్పుగాలి లోపలికి దిగుతాయి. పెద్దాయన గారి స్లాబు నెర్రెలివ్వడానికి కారణం మందో, ఎక్కువైన నీళ్లో, నీళ్లు కట్టకపోవడమో ఆ ఇల్లు చూడకుండా నేను చెప్పలేను. కానీ నేను చూసిన పాడైన స్లాబుల్లో ఎక్కువ వాటికి నీళ్లే కారణం.

ఆ అదనపు బకెట్ అవసరం లేకుండా చేసేవే ప్లాస్టిసైజర్లు. సిమెంటు కణాలు నీళ్లలో ముద్దలు ముద్దలుగా అతుక్కుని, మధ్యలో కొంత నీళ్లను బంధించి ఉంచుతాయి. ఈ మందు ఆ ముద్దల్ని విడదీసి ఆ నీళ్లను వదిలిస్తుంది. అంతే, తక్కువ నీళ్లతోనే మాలు జారుతుంది. 1960ల్లో జపాన్‌లో, జర్మనీలో సూపర్ ప్లాస్టిసైజర్లు వచ్చాక ఎత్తైన భవనాలకు, వంతెనలకు బలమైన కాంక్రీటు పోయడం సులువైంది. మేం ప్లాంటు నుంచి గంట దూరం పంపే కాంక్రీటు ఇవి లేకుండా దారిలోనే బిగుసుకుపోతుంది. మే నెల మధ్యాహ్నం నెల్లూరులో స్లాబు వేయాలంటే కొలతతో పోసిన రిటార్డరు, అంటే పట్టడాన్ని ఆలస్యం చేసే మందు, వరమే. అది లేకపోతే ఒక మూల పట్టేసి, పక్కన పోసింది దానితో అతకక, మధ్యలో గీత పడి అక్కడే కారుతుంది.

దేనికైనా హద్దుంది. ఐఎస్ 456 ప్రకారం రిటార్డరు సిమెంటు బరువులో అర శాతం, ప్లాస్టిసైజరు ఒక శాతం, సూపర్ ప్లాస్టిసైజరు రెండు శాతం మించకూడదు. బస్తా లెక్కలో పావుకిలో, అరకిలో, కిలో. ఇవి ఆఖరి హద్దులు, వాడాల్సిన కొలతలు కావు. కంపెనీ డబ్బా మీద చాలా వాటికి బస్తాకు 100 నుంచి 200 మిల్లీలీటర్లే ఉంటుంది. మూత అన్నది కొలత కాదు. నేను నాలుగు రకాల క్యానుల మూతలు కొలిచి చూశాను, ఒక్కటి ఇంకోదానితో సరిపోలేదు. పైగా లిగ్నోసల్ఫొనేట్ ఎక్కువైతే పట్టడం ఆలస్యం కావడమే కాదు, కాంక్రీటులో గాలి బుడగలు పెరిగి బలమూ తగ్గుతుంది. పొడి సిమెంటు మీద నేరుగా పోయడం ఇంకో పొరపాటు. సగానికి పైగా నీళ్లు పోసి మిల్లరు తిరిగాక, మిగిలిన నీళ్లలో కలిపి పోయాలి.

ఒకే మందు అన్ని సిమెంట్లతో ఒకేలా ప్రవర్తించదు. ఇప్పుడు ఇళ్లకు వాడేది ఎక్కువగా పీపీసీ, అంటే బూడిద కలిసిన సిమెంటు. అందులో 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్ ఉంటుంది. మన నేలటూరు థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలాక మిగిలే బూడిద లాంటిదే. మంచి సిమెంటే, ఉప్పుగాలికి బాగా నిలుస్తుంది, కానీ బలం నిదానంగా వస్తుంది. దానికి రిటార్డరు కూడా తోడైతే ఇంకా నిదానం. మామూలు సిమెంటుకే నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు కింది ఊతం తీయకూడదు. పీపీసీకి ఇంకా ఆగాలి. నీళ్లు కట్టడం కూడా ఇలాంటి ఎండల్లో పది రోజులకు తగ్గకూడదు, పీపీసీ అయితే పద్నాలుగు రోజులు మేలు. మూడు రోజులు తడిపి ముగించే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

స్లాబుకు రెండు రోజుల ముందు ఎవరైనా చేసుకోగల పరీక్ష ఒకటుంది. కొన్న బస్తాల నుంచే కిలో సిమెంటు తీసుకుని రెండు భాగాలు చేయండి. ఒకదాన్ని వట్టి నీళ్లతో, ఇంకోదాన్ని అన్నే నీళ్లతో, మందు లెక్క ప్రకారం కలిపి చపాతీ ముద్దలా చేయండి. బస్తాకు 200 మిల్లీలీటర్లయితే అరకిలోకు 2 మిల్లీలీటర్లు, మందుల కొట్లో దొరికే సిరంజితో కొలవొచ్చు. స్లాబు వేసే వేళకే, అదే ఎండ తగిలే చోట, పైన తడి సంచి కప్పి పెట్టండి. అరగంటకోసారి గోటితో నొక్కి, రెంటికీ తేడా ఎంతో రాసుకోండి. మందు కలిపింది మర్నాటికి కూడా మెత్తగా ఉంటే ఆ క్యాను వెనక్కి ఇచ్చేయండి. ఇది మా ల్యాబు సూదికి సాటి రాదు. కానీ మా మామ ఇది చేసి ఉంటే ఆ మందు ఎంత ఆలస్యం చేస్తుందో ముందే తెలిసేది, డ్రమ్ములో 'కొంచెం' వేయమన్న మాట పుట్టేది కాదు.

ఇక ప్రభుత్వం చేయగలిగింది. ప్రతి గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉన్నారు. ప్రభుత్వ ఇళ్ల పథకాల పనులు వాళ్లే చూస్తున్నారు. పునాది, లింటెల్, స్లాబు అని దశలు రాసుకునే చోటే, స్లాబు దశలో మూడు గళ్లు అదనంగా పెట్టమని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. మందు పేరు, దాని రకం, బస్తాకు ఎన్ని మిల్లీలీటర్లు. ఆ గళ్లు ఉంటే చాలు, పేరు లేని క్యాను దగ్గర ఆ అసిస్టెంట్ ఆగి అడగాల్సి వస్తుంది. కొట్లలో విడిగా, లేబుల్ లేకుండా పోసి అమ్మడాన్ని ఆపాలి. ఈ మందులకున్న ప్రమాణం ఐఎస్ 9103 ప్రకారం పరీక్షించినదా కాదా అన్నది డబ్బా మీద కనపడాలి. దీనికి నిషేధాలు అవసరం లేదు, డబ్బా మీద కాగితం ఉంటే చాలు.

మేస్త్రీల మీద నాకు ఏ కోపం లేదు. మామ ఇంటి మేస్త్రీ ఆ రెండు రోజులూ ఇంటికి పోకుండా స్లాబు పక్కనే పడుకున్నాడు. నేను ఆయనకు వంద మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కొలత గ్లాసు ఒకటి ఇచ్చాను. "ఇన్నాళ్లూ ఎవరన్నా చెప్పుంటే గదమ్మా" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. సిమెంటు బస్తాల మీద అమ్మకాల కోసం ఎన్నో రాస్తారు, ఈ మందును ఎంత పోయాలో ఒక మేస్త్రీకి కూర్చోబెట్టి చెప్పిన వాళ్లు ఎవరూ లేరు. వచ్చే ఉగాది తర్వాత మామ పైఅంతస్తు స్లాబు వేస్తున్నాడు. అదే మేస్త్రీ. ఆ రోజు నేను సెలవు పెట్టాను. చుట్టుపక్కల ఊళ్ల మేస్త్రీలు ఎవరైనా వస్తే, మిల్లరు దగ్గరే నిలబడి కొలిచి పోసి చూపిస్తాను.

అల్లూరు పెద్దాయన గారు తమ స్లాబుకు వాడిన డబ్బా ఇంకా పారేయకుండా ఉంటే, మీ కార్యాలయం ద్వారా నాకు కబురు చేయమని మనవి. అడుగున కాస్త మిగిలి ఉన్నా చాలు, అది ఏ రకమో చూసి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఇట్లు,
రెడీమిక్స్ ప్లాంటు ల్యాబు ఉద్యోగిని,
కోవూరు మండలం, నెల్లూరు జిల్లా
(ఉద్యోగ కారణాల వల్ల పేరు ప్రచురించవద్దని మనవి)